మాటను ఆపి మాట చోటు చూపిన మందు

పక్షవాతం వచ్చిన మనిషిని వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రికి తీసుకువచ్చే కుటుంబాలు కాలూ చెయ్యీ పడిపోయిందని చెప్పిన వెంటనే మాట కూడా పడిపోయిందని చెప్పడం పరిపాటి. ఆ ఒక్క వాక్యం వెనుక వైద్యశాస్త్రం వేరువేరుగా చూసే మూడు స్థితులు దాగి ఉంటాయి. నాలుక, పెదవులు, గొంతు కండరాలు బలహీనపడి ఉచ్చారణ ముద్దగా వచ్చే స్థితిని డిసార్థ్రియా అంటారు. కండరాల్లో బలం ఉన్నా, ఏ ధ్వని తరువాత ఏ ధ్వని పలకాలో నిర్దేశించే క్రమం చెదిరిపోయిన స్థితి వాక్ అప్రాక్సియా. పలికే అవయవాలన్నీ సరిగానే ఉన్నా, భావాన్ని మాటగా మార్చే శక్తి గానీ, ఎదుటివారి మాటను భావంగా గ్రహించే శక్తి గానీ దెబ్బతిన్న స్థితి అఫేసియా. పుట్టుకతో రాక, నేర్చిన మాటను గానీ భాషను గానీ మెదడు గాయం వల్ల కోల్పోవడం కనుక వీటన్నింటినీ కలిపి ఆర్జిత సంభాషణ లోపాలు అని పిలుస్తారు. మెదడులో భాష ఎక్కడ ఉంటుంది, పోయిన భాష ఏ దారిన తిరిగి వస్తుంది అనే ప్రశ్నలకు దొరికిన సమాధానాల్లో కొన్ని, మనిషిని నిద్రపుచ్చడానికి తయారైన అమోబార్బిటాల్ అనే మందు ద్వారా దొరికాయి.

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతు మందిలో అఫేసియా కనిపిస్తుందని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. మెదడు ఎడమ పక్కకు రక్తం అందించే మధ్య మస్తిష్క ధమని మూసుకుపోయినప్పుడు శరీరం కుడి భాగం చచ్చుబడటమూ, మాట పోవడమూ కలిసి రావడానికి కారణం ఆ రెండింటినీ నడిపే ప్రాంతాలు ఆ ధమని పరిధిలోనే ఉండటం. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, ‘టాన్’ అనే ఒక్క అక్షరం తప్ప మరేమీ పలకలేని రోగి మెదడును మరణానంతరం పరీక్షించి ఎడమ ముందరి భాగంలో గాయాన్ని చూపాడు. 1874లో కార్ల్ వెర్నికె, ధారాళంగా మాట్లాడుతున్నా అర్థం లేని మాటలే వచ్చే రోగుల్లో గాయం ఎడమ కణత వెనుక భాగంలో ఉంటుందని గుర్తించాడు. ఈ ఇద్దరూ ఆధారపడింది మరణించినవారి మెదళ్ల మీద. బతికి ఉన్న మనిషిలో, శస్త్రచికిత్సకు ముందే, అతని భాష ఏ పక్కన ఉందో తెలుసుకునే మార్గం ఆ తరువాత దాదాపు ముప్పావు శతాబ్దం వరకూ లేదు.

అఫేసియా ఉన్న మనిషిని చూసిన కుటుంబాన్ని ఎక్కువగా కలవరపెట్టేది అందులోని అసమానత. మంచినీళ్లు కావాలని అడగలేని మనిషి ఒకటి నుంచి పది వరకూ తడబడకుండా లెక్కపెట్టగలడు, వారాల పేర్లు వరసగా చెప్పగలడు, కోపం వస్తే తిట్టు స్పష్టంగా తిట్టగలడు, ఏళ్ల తరబడి పాడిన బతుకమ్మ పాటలో పాదాన్ని అందుకోగలడు. వరసలో కంఠతా వచ్చే ఇటువంటి పలుకులను స్వయంచలిత భాష అంటారు. అప్పటికప్పుడు ఆలోచించి కూర్చవలసిన వాక్యం దెబ్బతిన్నా ఇది తరచుగా మిగిలి ఉంటుంది. ఇది తెలియని కుటుంబం, మనిషి కావాలనే మాట్లాడటం లేదని గానీ, మతి చెడిందని గానీ భావించే ప్రమాదం ఉంది. నిజానికి అఫేసియాలో పోయేది భాష. చాలామందిలో ఆలోచన, జ్ఞాపకం, మనుషులను గుర్తుపట్టే తెలివి, అవమానం కలిగితే బాధపడే మనసు అలాగే ఉంటాయి. ఈ సంగతి ప్రతి వార్డులోనూ, ప్రతి ఇంట్లోనూ చెప్పవలసి ఉంది.

పాట విషయంలో కనిపించే ఈ మిగులును ఆధారం చేసుకుని 1973లో అమెరికాలోని బోస్టన్ పరిశోధకులు స్వరయుక్త చికిత్స అనే పద్ధతిని ప్రతిపాదించారు. రాగంతో, చేతితో తాళం వేస్తూ చిన్న చిన్న పదబంధాలను పలికించి, క్రమంగా రాగాన్ని తగ్గించి మామూలు మాటలోకి తీసుకురావడం ఆ పద్ధతిలోని ప్రధాన అంశం.

మొదట చెప్పిన అమోబార్బిటాల్ బార్బిట్యురేట్లు అనే మందుల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబం చరిత్ర 1864లో అడాల్ఫ్ ఫాన్ బేయర్ బార్బిట్యురిక్ ఆమ్లాన్ని తయారుచేయడంతో మొదలవుతుంది. ఆ ఆమ్లానికి నిద్ర తెప్పించే గుణం లేదు. దాని అణువుకు వేరువేరు కర్బన గొలుసులను చేర్చినప్పుడు మాత్రమే ఆ గుణం వస్తుందని ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మేరింగ్ చూపగా, 1903లో బార్బిటాల్, 1912లో ఫినోబార్బిటాల్, 1923లో అమోబార్బిటాల్ వరసగా వచ్చాయి. అమెరికాలో లిల్లీ కంపెనీ అమోబార్బిటాల్‌ను అమిటాల్ పేరుతో అమ్మింది. దాని సోడియం లవణం నీటిలో కరుగుతుంది కనుక నరంలోకి ఎక్కించడానికి అనువుగా ఉండేది. మెదడులో నాడీకణాలను శాంతపరిచే ప్రధాన రసాయనం గాబా. అది తన గ్రాహకానికి అంటుకున్నప్పుడు ఆ గ్రాహకంలోని సన్నని ద్వారం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు కణంలోకి ప్రవేశిస్తాయి, దానితో కణం సంకేతం పంపడం తగ్గుతుంది. బార్బిట్యురేట్ అదే గ్రాహకంలో మరొక చోట కూర్చుని, తెరుచుకున్న ద్వారం ఎక్కువ సేపు తెరిచే ఉండేట్టు చేస్తుంది. మోతాదు పెరిగితే గాబా లేకుండానే ద్వారాన్ని తెరవగలదు. ఈ కారణంగానే మత్తుకూ, శ్వాస ఆగిపోవడానికీ మధ్య ఉండే ఎడం ఈ మందుల్లో చాలా తక్కువ.

మాటతో అమోబార్బిటాల్‌కు తొలి సంబంధం మానసిక వైద్యంలో ఏర్పడింది. 1930 ప్రాంతంలో విస్కాన్సిన్‌లో విలియం బ్లెక్‌వెన్ అనే వైద్యుడు, రోజుల తరబడి కదలక, మాట్లాడక శిలలా ఉండిపోయే కెటటోనియా రోగులకు సోడియం అమిటాల్‌ను నరంలోకి నెమ్మదిగా ఎక్కించినప్పుడు వారు కొద్దిసేపు మేలుకుని మాట్లాడటం గమనించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, యుద్ధభయంతో మూగబోయిన సైనికులకు ఇదే కుటుంబానికి చెందిన మందులను ఇచ్చి మాట్లాడించిన అనుభవం వైద్యులకు పెద్ద ఎత్తున కలిగింది. తలకు గాయమై మాట కోల్పోయిన సైనికులు ఆ సమయంలోనే ఆసుపత్రుల్లో నిండి ఉన్నారు. భయం వల్ల మూగబోయినవారిలో పనిచేసిన మందు, గాయం వల్ల మాట పోయినవారిలో కూడా ఎంతో కొంత పనిచేయవచ్చన్న ఆశ అటువంటి పరిస్థితుల్లో పుట్టడం సహజం.

1947లో లూయిస్ లిన్ ఒక అమెరికన్ నాడీవైద్య పత్రికలో, అఫేసియా చికిత్సలో సోడియం అమిటాల్ వల్ల రోగి మాటలో మెరుగుదల కనిపించినట్టు ప్రకటించాడు. ఆ ఆలోచన వెనుక ఉన్న తర్కాన్ని తేలికగా తీసిపారేయడం న్యాయం కాదు. మాట రాక సతమతమయ్యే మనిషి ప్రతి ప్రయత్నంలోనూ ఓటమి ఎదురై ఆందోళనకు లోనవుతాడు, ఆ ఆందోళన మిగిలిన కొద్దిపాటి భాషను కూడా అణచివేస్తుంది, కనుక ఆందోళనను తగ్గిస్తే మిగిలిన భాష బయటపడుతుంది అన్నది ఆ తర్కం. ఇందులో సగం నిజం ఉంది. అఫేసియా ఉన్నవారు తొందరపెట్టినప్పుడు మరింత తడబడటమూ, నిదానంగా సమయం ఇచ్చినప్పుడు మెరుగ్గా చెప్పడమూ వాక్ చికిత్సకులందరికీ తెలిసిన విషయమే. లోపం ఉన్నది తర్కంలోని రెండో సగంలో. ఆందోళనను తగ్గించే మందు ఆందోళనను మాత్రమే ఎంచుకుని తగ్గించదు, దెబ్బతిన్న భాషాప్రాంతం చుట్టూ ఇంకా పనిచేస్తున్న కణాలను కూడా అదే చేత్తో మందగింపజేస్తుంది.

1951లో బెర్గ్‌మన్, గ్రీన్ అనే పరిశోధకులు ఇదే మందును నరంలోకి ఎక్కించి అఫేసియా రోగులను పరీక్షించినప్పుడు లిన్ చెప్పిన మేలు వారికి కనిపించలేదు. 1955లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఒక డాక్టరేట్ పరిశోధన, అఫేసియా రోగుల సంభాషణ మీద సోడియం అమిటాల్ ప్రభావాన్నే అంశంగా తీసుకుంది. చికిత్సగా ఆ మందు నిలవలేదు. గాయమైన తొలి వారాల్లో అఫేసియా తనంతట తానే కొంత తగ్గుతుందని నేడు తెలుసు కనుక, మందు ఇచ్చిన రోగులతో పాటు మందు ఇవ్వని రోగులను కూడా పోల్చి చూడని ఏ ఫలితాన్నయినా నమ్మడం కష్టం. ఆనాటి నివేదికలు చాలావరకు ఆ పోలిక లేకుండానే వచ్చాయి.

ఇదే కాలంలో జపాన్‌లో ఆ మందును పూర్తిగా మరో దారిలో వాడిన పని జరిగింది. సప్పోరోలోని హొక్కాయిడో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న జున్ వాడా, మానసిక రోగులకు ఇచ్చే విద్యుత్ చికిత్సలో మూర్ఛ మెదడు రెండు పక్కలకూ పాకకుండా ఒక పక్కను కాపాడగలమా అని ఆలోచించి, మెడలోని కెరోటిడ్ ధమని ద్వారా ఒక్క పక్కకే సోడియం అమిటాల్‌ను పంపించాడు. ఆ ధమని ఎటువైపు ఉంటే మెదడులోని అటువైపు అర్ధగోళం మాత్రమే కొద్ది నిమిషాల పాటు నిద్రలోకి జారుకోగా, రెండో అర్ధగోళం మేలుకునే ఉండేది. భాష ఉన్న పక్క నిద్రపోతే మాట ఆగిపోయేది, లేని పక్క నిద్రపోతే మనిషి మాట్లాడుతూనే ఉండేవాడు. 1949లో జపనీస్ భాషలో వెలువడిన ఆ వ్యాసం బయటి ప్రపంచానికి దాదాపు తెలియలేదు. వాడా కెనడాలోని మాంట్రియల్ నాడీశాస్త్ర సంస్థకు వెళ్లి, అక్కడి శస్త్రవైద్యుడు థియోడోర్ రాస్ముసెన్‌తో కలిసి 1960లో ఇంగ్లిషులో ప్రచురించిన తరువాతే వాడా పరీక్ష మూర్ఛ శస్త్రచికిత్స కేంద్రాలన్నింటా ప్రవేశించింది. చికిత్సగా విఫలమైన ఒక గుణం, అంటే పనిచేస్తున్న మెదడును అణచివేయడం, పరీక్షగా మారినప్పుడు అమూల్యమైంది.

పరీక్ష జరిగే తీరు సరళంగా కనిపిస్తుంది. తొడ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని మెడలోని కెరోటిడ్ వరకూ పంపి, మెదడు రక్తనాళాల చిత్రం తీసి, ఒక పక్క రక్తం రెండో పక్కకు ఎక్కువగా మళ్లడం లేదని నిర్ధారించుకుంటారు. రోగి రెండు చేతులూ పైకెత్తి అంకెలు లెక్కపెడుతూ ఉండగా, సాధారణంగా 100 నుంచి 150 మిల్లీగ్రాముల మందును ఎక్కిస్తారు. కొన్ని క్షణాల్లోనే మందు వెళ్లిన పక్కకు ఎదురు చెయ్యి వాలిపోతుంది. అది భాషాగోళం అయితే లెక్క ఆగుతుంది. లెక్కపెట్టడం స్వయంచలిత భాష కనుక దానితోనే తృప్తి పడకుండా వస్తువులను చూపి పేర్లు అడుగుతారు, ఆదేశాలు ఇస్తారు, వాక్యాలను తిరిగి చెప్పిస్తారు, చదివిస్తారు. అప్పుడు చూపిన బొమ్మలు తరువాత గుర్తున్నాయా అని అడిగి, మూర్ఛకు మూలమైన కణత భాగాన్ని తీసివేస్తే జ్ఞాపకశక్తి నిలుస్తుందా అన్నది కూడా అంచనా వేస్తారు. మందు పట్టు వదిలే కొద్ది నిమిషాల్లో తిరిగి వచ్చే మాట కొన్నిసార్లు తప్పు పేర్లతో, తారుమారైన అక్షరాలతో వస్తుంది. పక్షవాతం తరువాత వారాల్లోనూ నెలల్లోనూ జరిగే కోలుకోవడం తాలూకు ఒక ఛాయ ఇక్కడ నిమిషాల్లో కనిపిస్తుంది.

మాంట్రియల్‌లో రాస్ముసెన్, బ్రెండా మిల్నర్ 1977లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, కుడిచేతివాటం ఉన్నవారిలో 96 శాతం మందికి భాష ఎడమ అర్ధగోళంలో ఉంది. ఎడమచేతివాటం ఉన్నవారిలో 70 శాతం మందికి అది ఎడమ పక్కనే ఉండగా, 15 శాతం మందికి కుడి పక్కన, మరో 15 శాతం మందికి రెండు పక్కలా ఉంది. ఎడమచేతివారికి భాష కుడి పక్కన ఉంటుందన్న పాత నమ్మకాన్ని ఈ అంకెలు తోసిపుచ్చాయి. తెలుగునాట ఈ విషయంలో వైద్యుడు అదనంగా జాగ్రత్త పడవలసి ఉంటుంది. పుట్టుకతో ఎడమచేతివాటం ఉన్న పిల్లలను అన్నం తినడానికీ, రాయడానికీ, ఎవరికైనా ఏదైనా ఇవ్వడానికీ కుడిచేయి వాడేట్టు మలచడం ఇళ్లలో తరతరాలుగా ఉన్న అలవాటు. అందువల్ల ఏ చేత్తో తింటారు, ఏ చేత్తో రాస్తారు అన్న ప్రశ్నలకు వచ్చే సమాధానం మెదడు సంగతి చెప్పదు. రాయి ఏ చేత్తో విసురుతారు, కొడవలి ఏ చేత్తో పడతారు అని అడిగితేనే అసలు వాటం బయటపడుతుంది.

పోయిన భాష ఎలా తిరిగి వస్తుందన్న ప్రశ్నకు వాడా పరీక్ష ఇచ్చిన సాక్ష్యం మరింత విలువైనది. 1971లో మార్సెల్ కిన్స్‌బోర్న్, ఎడమ అర్ధగోళంలో పక్షవాతం వచ్చి, అరకొరగా మాట్లాడుతున్న కొద్దిమంది రోగుల మీద ఇదే పరీక్ష జరిపాడు. ఎడమ పక్కకు మందు పంపినప్పుడు వారి అరకొర మాట ఆగలేదు, కుడి పక్కకు పంపినప్పుడు ఆగిపోయింది. అంటే, దెబ్బతిన్న ఎడమ గోళం వదిలేసిన పనిని కుడి గోళం తన చేతనైనంత మేరకు నెత్తిన వేసుకుందని అర్థం. ఈ నిర్ణయం మీద వాదం ఇంకా ముగియలేదు. 2000 తరువాత, కుడి ముందరి భాగంలోని ఒక బిందువును అయస్కాంత తరంగాలతో కొద్దిగా అణచినప్పుడు కొందరు అఫేసియా రోగులు వస్తువుల పేర్లు మరింత బాగా చెప్పగలిగారని బోస్టన్‌లోని ఒక బృందం చూపింది. గాయం చిన్నదైతే ఎడమ పక్కన మిగిలిన కణజాలమే భాషను తిరిగి కట్టుకుంటుందనీ, గాయం పెద్దదైతే కుడి గోళం సాయం తప్పనిసరి అవుతుందనీ భావించడం ప్రస్తుతానికి ఆధారాలకు దగ్గరగా ఉన్న మాట.

ఉమ్మడి వరంగల్ జిల్లా వంటి చోట భాష ఎక్కడ ఉంది అని అడిగే ముందు ఏ భాష అని అడగవలసి ఉంటుంది. తండాలో లంబాడీ మాట్లాడి, అంగట్లో తెలుగు మాట్లాడే మనిషీ, ఏటూరునాగారం ప్రాంతంలో కోయ మాతృభాషగా గల మనిషీ, ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, ఉద్యోగంలో ఇంగ్లిషు వాడే మనిషీ ఒకే వార్డులో పక్కపక్కన ఉంటారు. మాతృభాషలో ఎంతో కొంత మాట్లాడగల మనిషిని తెలుగులో మాత్రమే పరీక్షిస్తే అతని లోపం ఉన్నదానికన్నా తీవ్రంగా కనిపిస్తుంది. బహుభాషల ప్రభావం మీద హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడి నాయకత్వంలో జరిగిన పరిశోధన ప్రపంచ స్థాయిలో పేరు పొందింది. 2013లో ప్రకటించిన అధ్యయనంలో, 648 మంది చిత్తవైకల్య రోగులలో రెండు లేక అంతకు మించి భాషలు మాట్లాడేవారికి ఆ జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువుకోనివారిలో కూడా ఈ తేడా కనిపించడం దాని బలం. 2016లో 608 మంది పక్షవాత రోగులను పరిశీలించినప్పుడు, తరువాతి కాలంలో మేధాశక్తి చెడకుండా నిలిచినవారు బహుభాషీయులలో 40.5 శాతం, ఏకభాషీయులలో 19.6 శాతం. అఫేసియా వచ్చే అవకాశంలో మాత్రం రెండు వర్గాల మధ్య తేడా లేదు. అయితే 2019లో అదే నగరం నుంచి వచ్చిన మరో అధ్యయనం, అఫేసియా వచ్చిన తరువాత దాని తీవ్రత బహుభాషీయులలో తక్కువగా ఉన్నట్టు చూపింది.

బార్బిట్యురేట్ల కథలో వార్డుకు నేరుగా సంబంధించిన భాగం, పక్షవాతం తరువాత ఇచ్చే మత్తుమందుల సంగతి. 1990 దశకంలో అమెరికాలో లారీ గోల్డ్‌స్టీన్ పక్షవాత రోగుల రికార్డులను పరిశీలించి, డయాజిపామ్ తరగతి మందులు, ఫినోబార్బిటాల్, ఫెనిటాయిన్, కొన్ని రక్తపోటు మందులు, మానసిక రోగాలకు ఇచ్చే కొన్ని మందులు వాడినవారిలో కాళ్లూ చేతులూ కోలుకోవడం తక్కువగా ఉన్నట్టు గుర్తించాడు. అది రికార్డుల మీద చేసిన పరిశీలన కనుక మందే కారణమని తేల్చదు గానీ, జంతువుల మీద జరిగిన ప్రయోగాలు కూడా అటువైపే చూపుతున్నాయి. 2002లో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం చేసిన పని మరింత ఆలోచింపజేస్తుంది. పక్షవాతం నుంచి చాలావరకు కోలుకున్న రోగులకు మిడజోలామ్ అనే మత్తుమందును స్వల్ప మోతాదులో ఇచ్చినప్పుడు, మానిపోయాయనుకున్న పాత లోపాలు, అఫేసియా కూడా, కొద్దిసేపు తిరిగి తలెత్తాయి. కోలుకున్న మాట పాత మాట వంటిది కాదనీ, కొత్తగా అల్లుకున్న నాడీబంధాల మీద నిలిచినదనీ, ఆ బంధాలు మత్తుకు త్వరగా లొంగుతాయనీ ఇది తెలుపుతోంది. రాత్రి నిద్ర కోసం మాత్ర ఇచ్చి మరునాడు ఉదయం భాషను పరీక్షించి, మెరుగుదల లేదని రాసే పద్ధతి ఎంత అన్యాయమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

ఫినోబార్బిటాల్ పల్లెలకు కొత్త పేరు కాదు. గార్డినాల్ పేరుతో ఫిట్స్ మాత్రగా తెలిసిన మందు అదే. చవకైనది, రోజుకు ఒక్కసారి వేసుకుంటే చాలు కనుక మూర్ఛ చికిత్సలో దానికి నేటికీ చోటు ఉంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోనూ ఉంది. మాట మందగిస్తుందన్న భయంతో దాన్ని ఇంట్లోవారే హఠాత్తుగా మాన్పించడం ప్రాణాపాయం, ఎందుకంటే అలా మానితే ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి ఆగకుండా రావచ్చు. మార్చవలసి వస్తే వైద్యుడే నెమ్మదిగా మార్చాలి. మత్తుమందు మాటను మందగింపజేస్తుందన్న ఈ చిత్రానికి విరుద్ధంగా కనిపించే ఒక ఉదంతం కూడా ఉంది: బార్బిట్యురేట్ కాకపోయినా అదే గాబా గ్రాహకం మీద పనిచేసే జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర, ఒక అఫేసియా రోగిలో కొద్దిసేపు మాటను మెరుగుపరిచినట్టు 2004లో ఫ్రెంచ్ వైద్యులు నివేదించారు. లిన్ ఆశ అర్ధశతాబ్దం తరువాత తిరిగి పలకరించినట్టుంది. అయితే అటువంటి స్పందన అరుదైన కొందరిలోనే కనిపించింది, సాధారణ చికిత్సగా ఎవరూ సిఫారసు చేయలేదు.

2000 దశకం నుంచి అమోబార్బిటాల్ సరఫరా తరచుగా ఆగిపోవడంతో వాడా పరీక్షకు మెథోహెక్సిటాల్, ఎటోమిడేట్, ప్రోపోఫోల్ వంటి మందులను వాడుతున్నారు. అంతకన్నా ముఖ్యంగా, ఏ పని చేస్తున్నప్పుడు మెదడులో ఏ భాగానికి రక్తం ఎక్కువ వెళుతుందో చూపే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. ఈ పరీక్ష అవసరాన్ని చాలావరకు తగ్గించింది. ధమనిలోకి గొట్టం పంపే ప్రమాదం అందులో లేదు. కానీ స్కానర్‌లో వెలిగే ప్రాంతం భాషలో పాల్గొంటున్నదని మాత్రమే తెలుస్తుంది, అది లేకపోతే భాష నిలుస్తుందా అన్నది తెలియదు. ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పేది ఆ ప్రాంతాన్ని కొద్దిసేపు ఆపి చూసే పరీక్షే. స్కాన్ ఫలితం అస్పష్టంగా ఉన్న రోగుల విషయంలో వాడా పరీక్షను ఇంకా ఆశ్రయించడానికి కారణం ఇదే.

ఏ పరీక్ష అయినా, మందుతోనైనా స్కానర్‌తోనైనా, చివరకు రోగిని అడిగే ప్రశ్నల మీదే ఆధారపడుతుంది. ఆండ్రూ కెర్టెజ్ రూపొందించిన వెస్టర్న్ అఫేసియా బ్యాటరీకి తెలుగు రూపం తయారైంది. ధారాళత, అవగాహన, తిరిగి చెప్పడం, పేర్లు చెప్పడం అనే నాలుగు అంశాలను కలిపి అది ఒక అంకె ఇస్తుంది. తెలుగు క్రియ కర్త ఎవరో తన చివరనే చెబుతుంది కనుక, వచ్చాడు అనవలసిన చోట వచ్చింది అనడం, లేదా ధాతువు దగ్గరే ఆగిపోవడం తెలుగు అఫేసియాలో గమనించదగిన లక్షణం, ఇంగ్లిషు రోగుల మీద తయారైన ప్రశ్నల్లో దానికి చోటు ఉండదు. హన్మకొండ, జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల్లో ఇళ్లలో వాడే పలుకుబడిని తప్పుగా లెక్కించకుండా, లంబాడీకీ కోయకూ కనీసం చిన్న పరీక్షలైనా సిద్ధం చేయడం వాక్ చికిత్సకులూ, భాషాశాస్త్రజ్ఞులూ, నాడీవైద్యులూ కలిసి చేయవలసిన పని. దానికి ఖరీదైన యంత్రాలు అవసరం లేదు. ఆ భాషలు మాట్లాడే ఆరోగ్యవంతుల నుంచి, వయసు వారీగా, చదువు వారీగా నమూనాలు సేకరించడం మాత్రం తప్పనిసరి.